చేపల తొట్టిలో చెయ్యి పెట్టేముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో, విద్యుత్ శాఖ నుండి పదవీ విరమణ చేసిన మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనమంతా ఎందుకు కలుస్తామో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని పెన్షను దయాధర్మం కాదు, మన హక్కు అయింది. నా ముందు మాట్లాడిన పెద్దలు కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి చక్కగా చెప్పారు. నేను చేపల తొట్టి గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నా మొహంకేసి ఒకసారి చూసి, "పావుగంటే సుమండీ" అన్నారు. అంతలోనే ముగించడానికి ప్రయత్నిస్తాను.

మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు చేపల తొట్టి ఉంది. వాస్తుకు మంచిదని కొందరు పెట్టుకుంటారు, చూస్తూ కూర్చుంటే మనసుకు నెమ్మది అని కొందరు, మనవలు మారాం చేశారని కొందరు. మా ఇంట్లో మాత్రం, పదవీ విరమణ చేసిన మనిషి ఇంట్లో ఊరికే తిరుగుతూ వంటింటి వ్యవహారాల్లో తలదూరుస్తున్నాడని మా ఇంటావిడ ఫిర్యాదు చేస్తే, 2016లో మా అబ్బాయి కొనిచ్చాడు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 125 లీటర్ల నీళ్ళు పడతాయి. గోల్డ్ ఫిష్‌లు వేశాం. తరువాత మద్రాసు వెళ్ళినప్పుడు, రంగు చేపలకు పేరుపడ్డ కొళత్తూరు దాకా పోయి, మోలీలు, ఏంజెల్ చేపలు తెచ్చి వాటికి వేరే తొట్టి కూడా పెట్టాను. పిచ్చి ముదిరిందంటే ఇక అంతే.

ఇప్పుడు అసలు సంగతి. 2018 ఆగస్టులో ఒక ఆదివారం తొట్టి అడుగున గులకరాళ్ళు కదిపి కడుగుతుంటే కుడి చూపుడు వేలి కణుపు ఒక రాతికి గీసుకుంది. రక్తం కూడా సరిగా రాలేదు. తుండుగుడ్డతో చెయ్యి తుడుచుకుని కాఫీ తాగాను. సబ్బు మాట అటుంచండి, మంచినీళ్ళతోనైనా కడుక్కోలేదు. గీత రెండు రోజుల్లో మానిపోయింది. నేను మరచిపోయాను.

మూడు వారాలు పోయాక అదే చోట చిన్న పొక్కు లేచింది. ఎర్రగా, తరువాత కొంచెం ఊదా రంగుకు తిరిగింది. నొప్పి లేదు, జ్వరం లేదు. నొప్పి లేని పుండును మనం లెక్కచేయం కదా. మా వీధి డాక్టరుగారు వారం రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. ఇంకొకరు పులిపిరి అని కాల్చారు, పక్కనే మళ్ళీ లేచింది. షుగరు ఉన్నవాడివి కదా, నీకు పుళ్ళు ఇలాగే మానవు అని బంధువులు తేల్చేశారు. పక్కింటాయన ఏదో ఆకు పసరు రాయమన్నాడు, అదీ రాశాను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు వెళితే, వాచిన ఆ వేలి ముద్రను యంత్రం పట్టనే లేదు. ఎడమచేతి వేలు పెట్టి, బ్రతికే ఉన్నానని ఋజువు చేసుకుని వచ్చాను.

అప్పటికి పుండు వేలితో ఆగలేదు. చేతి వెనుక ఒకటి, మణికట్టు దాటాక ఇంకొకటి, మోచేతి కింద మరొకటి, దారం కట్టి గుచ్చినట్టు వరుసగా గడ్డలు లేచాయి. అప్పుడు భయం పట్టుకుంది. జనవరిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్ళాం. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ వరుసను వేలితో కింద నుంచి పైకి చూసి, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగారు.

"రిటైరయ్యానమ్మా" అన్నాను.

"అది కాదండీ. ఇంట్లో ఈ చేతులతో ఏం పని చేస్తుంటారు? గులాబీ మొక్కలా? మట్టి పనా? చేపలా?"

నేను జవాబు చెప్పేలోగానే మా ఇంటావిడ, "చేపలేనమ్మా! పొద్దస్తమానం ఆ తొట్టిలోనే చేతులు" అంది.

మిత్రులారా, అయిదు నెలల పాటు నలుగురు డాక్టర్లను చూశాను. వాళ్ళెవరూ చేపల మాట అడగలేదు, నిజమే. కాని నేనూ చెప్పలేదు. షుగరు ఎంతో చెప్పాను, రక్తపోటు ఎంతో చెప్పాను, మా నాన్నగారికి ఏ జబ్బు ఉండేదో కూడా చెప్పాను. వారానికి రెండుసార్లు మోచేతి దాకా చేపల నీళ్ళలో ముంచుతానని చెప్పాలని నాకు తోచలేదు. తప్పు వాళ్ళ మీదికి నెట్టడానికి నాకు నోరు రాదు.

ఆ జబ్బు చేసే సూక్ష్మజీవి పేరు మైకోబాక్టీరియం మెరైనమ్. క్షయ, కుష్ఠు వ్యాధుల క్రిములకు ఇది దాయాది. 1926లో అరాన్సన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిపోయిన సముద్రపు చేపల్లో దీన్ని గుర్తించాడు. మనుషులకు కూడా వస్తుందని 1951లో స్వీడన్‌లో తెలిసింది. అక్కడి ఒక ఈతకొలనులో మోచేతులు, మోకాళ్ళు గీసుకున్నవాళ్ళకు ఇటువంటి పుళ్ళే వచ్చాయి. ఇంట్లో చేపల తొట్టి నుంచి వచ్చిన కేసు 1962లో వైద్య పత్రికకు ఎక్కింది. ఈతకొలనుల్లో క్లోరిన్ సరిగా కలపడం మొదలైన తరువాత అక్కడి బెడద తగ్గి, ఇంటి తొట్టే దీనికి ముఖ్య స్థానమైంది. అందుకే దీనికి చేపల తొట్టి పుండు అనే పేరు కూడా ఉంది. తొట్టి గోడకు, రాళ్ళకు పట్టే జారుడు పొరలో ఇది చేరుతుంది. నీళ్ళు అద్దంలా కనబడినా ఉండవచ్చు.

ఈ క్రిమికి 30 డిగ్రీల వేడి బాగా సరిపడుతుంది. మన శరీరం లోపలి వేడి 37 డిగ్రీలు. అందువల్ల అది లోపలికి పోకుండా, కాస్త చల్లగా ఉండే చేతి వేళ్ళు, చర్మం పట్టుకుని ఉంటుంది. మామూలుగా ప్రాణం మీదికి రాదు. అయితే ఈ గుణం వల్లనే పరీక్షలో దొరకదు. నా పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షశాలకు పంపినప్పుడు డాక్టరమ్మగారు కాగితం మీద "30 డిగ్రీల దగ్గర పెంచవలెను" అని ప్రత్యేకంగా రాశారు. క్షయ క్రిమిని పెంచినట్టు 37 దగ్గర పెడితే ఇది మొలవకపోవచ్చునట. ఫలితం రావడానికి కూడా వారాలు పట్టింది. చేపల సంగతి చెప్పకపోతే ఆ మాట ఎవరు రాస్తారు? మీ అందరి ముందు దీని గురించి మాట్లాడాలనిపించింది అందుకే.

మందులు అయిదు నెలలు వాడాను. క్లారిత్రోమైసిన్, ఎథాంబ్యుటాల్, తరువాత రిఫాంపిసిన్. చివరి రెండింటినీ క్షయకు కూడా వాడతారు. మందుల షాపులో చీటీ చూసి కుర్రవాడు ఒక అడుగు వెనక్కు జరిగాడు. ఇది మనిషి నుంచి మనిషికి అంటదని వాడికి చెప్పాను, మా వియ్యంకులకు కూడా చెప్పుకోవలసి వచ్చింది. రిఫాంపిసిన్ వేసుకున్న మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చి బెదిరిపోయాను. మందు రంగేనట, భయం లేదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ మందు షుగరు బిళ్ళల పట్టును, రక్తం పలచన చేసే కొన్ని మందుల పట్టును తగ్గిస్తుంది. నా షుగరు రెండు వారాల్లో పెరిగిపోతే మోతాదు మార్చారు. మన వయసువాళ్ళం గుప్పెడు బిళ్ళలు మింగుతాం కాబట్టి, కొత్త మందు రాసేటప్పుడు పాతవాటి చీటీ ముందు పెట్టాలి. ఎథాంబ్యుటాల్ వాడేటప్పుడు కంటి పరీక్ష చేయించుకోవాలి, ఎరుపు ఆకుపచ్చ తేడా మసకబారితే వెంటనే చెప్పాలి. నలభై ఏళ్ళు ఎరుపు, పసుపు, నీలం ఫేజులు చూసి బ్రతికినవాణ్ణి, రంగులు పోతాయేమోనని రోజూ పొద్దున్నే కేలండరు ముందు నిలబడేవాణ్ణి. ఏమీ కాలేదు. గడ్డలు మానాయి. వేలు మీద మచ్చ మిగిలింది, చలికాలం పొద్దున పూట అది కొంచెం బిగుసుకుంటుంది. ఇదిగో, చూడవచ్చు.

తొట్టి తీసి పారేశావా అని అడుగుతారు. లేదు. చెక్కుచెదరని చర్మం మీద ఈ క్రిమి ఆటలు సాగవు. గాటు, గీత, పగులు, గోరుచుట్టు, వీటిలోంచే లోపలికి పోతుంది. మనం చూసుకోవలసింది అదే. నాకు షుగరు వల్ల వేళ్ళ కొసల్లో స్పర్శ తగ్గింది, గీసుకున్నా తెలియదు. కనుక తొట్టి దగ్గరకు పోయేముందు కళ్ళజోడు పెట్టుకుని, వెలుగులో రెండు చేతులూ తిప్పి చూసుకుంటాను. స్పర్శ బాగా ఉన్నవాళ్ళకు నిమ్మకాయ పిండడమే పరీక్ష, పులిహోర కలిపేటప్పుడు ఎక్కడ చురుక్కుమంటే అక్కడ గీత ఉన్నట్టు. గీత ఉంటే ఆ వారం తొట్టి పని మా అబ్బాయిది. అతికించే పట్టీ వేసుకుని దిగుతామంటే లాభం లేదు, నీళ్ళలో అయిదు నిమిషాల్లో అది ఊడి చేపల పక్కన తేలుతుంది. స్టెరాయిడ్లు వాడుతున్నవారు, మూత్రపిండం మార్పిడి అయినవారు, కేన్సరు మందులు తీసుకుంటున్నవారు గీత ఉన్నా లేకపోయినా చెయ్యి పెట్టవద్దని నా సలహా, వారి డాక్టర్లు కూడా అదే అంటారు.

చేతి తొడుగులు వాడండి. వంటింట్లో వాడే రబ్బరు తొడుగులు మణికట్టు దాటగానే అయిపోతాయి, నీళ్ళు లోపలికి దిగి ఇంకా హాని. అడుగున్నర లోతు తొట్టికి భుజం దాకా వచ్చేవి కావాలి. నాకు అవి చేపల దుకాణంలో దొరకలేదు, పశువుల మందుల దుకాణంలో దొరికాయి. పశువైద్యులు చూడి పరీక్షకు వాడే పలచని ప్లాస్టిక్ తొడుగులు. ఖరీదు తక్కువ, ఒకసారి వాడి పారేయవచ్చు. దుకాణదారు "ఎన్ని గేదెలండీ?" అని అడిగాడు. గులకరాళ్ళ పనికి అవి చిరుగుతాయి కాబట్టి వాటిమీద రబ్బరువి కూడా వేసుకుంటాను.

తొడుగు లేకుండా పెట్టవలసివస్తే, ముందు చేతులు కడిగి సబ్బు వాసన పోయేదాకా మంచినీళ్ళతో తొలచాలి. ఇది చేపల క్షేమానికి. కొబ్బరినూనె, నొప్పుల బామ్, దోమల క్రీము, శానిటైజరు, ఏదైనా మన చేతిమీద ఉన్నది వాటి నీళ్ళలోకి పోతుంది. మనం గాలి పీల్చినట్టే అవి ఆ నీళ్ళను మొప్పల్లోంచి తీసుకుంటాయి. బయటకు తీశాక మాత్రం సబ్బుతో మోచేతుల దాకా, గోళ్ళ సందుల్లో, ఉంగరం తీసి దాని కింద కూడా, కనీసం 20 సెకన్లు రుద్ది కడగాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇది మనకందరికీ నేర్పారు, తరువాత మరచిపోయాం. కడిగేది వంటింటి తొట్టెలో కాదు, పెరట్లోనో స్నానాల గదిలోనో. చేపల బకెట్టు వేరే ఉండాలి. మా ఇంట్లో దానికి ఎర్ర రంగు పూసి ఉంచాం.

ఇక నీళ్ళు తోడడానికి గొట్టం నోటితో పీల్చే అలవాటు. కిరోసిన్ డబ్బాల కాలం నుంచీ మనకు వచ్చిన విద్య అది. మానండి. గొట్టాన్ని పూర్తిగా నీళ్ళతో నింపి, రెండు కొనలు బొటనవేళ్ళతో మూసి, ఒకటి తొట్టిలో, ఒకటి కింద బకెట్టులో వదిలితే చాలు, దానంతటదే పారుతుంది. ఆ నీళ్ళు మొక్కలకు చాలా మంచివి.

ఇప్పుడు నా సొంత శాఖ సంగతి. దీన్ని కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. తొట్టిలో చెయ్యి పెట్టేవాడికి క్రిమి కంటే త్వరగా హాని చేసేది కరెంటు. వడపోత మోటారు, దీపం, చలికాలం వేడి చేసే హీటరు, గాలి పంపు, నాలుగు తీగలు నీళ్ళ దగ్గర ఉంటాయి. హీటరు గాజు పగిలినా, తీగ తొడుగు ఎలుక కొరికినా నీళ్ళన్నీ కరెంటు అవుతాయి. "చేపలు హాయిగా తిరుగుతున్నాయి కదా" అంటారు. కాకి తీగ మీద కూర్చుంటే దానికి ఏమైనా అవుతుందా? దానికి భూమి తగలదు. చేపకూ అంతే. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి చెయ్యి పెట్టే మనకు భూమి తగులుతుంది.

మనం ఉద్యోగంలో ఉండగా ఎల్.సి. తీసుకోకుండా లైను ముట్టేవాళ్ళమా? ఇదీ అంతే. స్విచ్ ఆపితే చాలదు. మన ఇళ్ళలో వైరింగు చేసిన మేస్త్రీ స్విచ్చును ఫేజు మీద పెట్టాడో న్యూట్రల్ మీద పెట్టాడో దేవుడికెరుక. న్యూట్రల్ మీద పెడితే స్విచ్ ఆపినా ఫేజు నీళ్ళలోనే ఉంటుంది. ప్లగ్గులన్నీ ఊడబీకి కంటికి కనబడేలా బల్లమీద పెట్టుకోవాలి. పొడి చేతులతో ముందు ప్లగ్గులు, తరువాతే నీళ్ళు. హీటరును ఊడదీశాక పావుగంట ఆగి నీళ్ళు తోడాలి, వేడిగా ఉండగా నీటిపైకి తేలితే గాజు చిట్లుతుంది. తీగ ప్లగ్గుకు నేరుగా పోకుండా ప్లగ్గు కంటె కిందికి వేలాడి మళ్ళీ పైకి పోయేట్టు కట్టండి. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ అడుగున రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. గాలి పంపును నీటిమట్టం కంటె పైన పెట్టండి, కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులో చేరకుండా.

ఎం.సి.బి. ఉందని ధైర్యపడకండి. అది తీగలు కాలకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోవాలి. దానిమీద ఉండే పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి, పడుతోందో లేదో చూడాలి. ఇందాక చెప్పిన పశువైద్యుల తొడుగు కరెంటును ఆపుతుందని మాత్రం అనుకోవద్దు. మన శాఖలో వోల్టేజీ పరీక్ష చేసి ఇచ్చే తొడుగులు వేరు, ఇవి వేరు.

మిగతావి త్వరగా చెబుతాను. ముల్లున్న చేపలు ఉన్నాయి. గోదావరి జిల్లాలవాళ్ళకు ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో తెలుసు. తొట్టిలో పెంచే జెల్ల జాతి చేపలకు కూడా రెక్కల దగ్గర ముళ్ళుంటాయి, చేత్తో పట్టకండి, వలతో కాదు, గిన్నెతో ముంచి తీయండి, ముల్లు వలకు పట్టుకుంటుంది. కుట్టినచోట ఓర్చుకోగల వేడినీళ్ళలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. కాని మనలాంటి స్పర్శ తగ్గినవాళ్ళు ఆ వేడిని సొంత చేత్తో చూసుకోకూడదు, ఇంట్లో ఇంకొకరి చేత చూపించాలి. అమెరికాలో ఉన్న మా మేనల్లుడిలా ఉప్పునీటి తొట్టి, పగడాలు పెట్టుకున్నవాళ్ళకు ఒక మాట. గుండీల్లా ఉండే ఒక రకం పగడాల్లో కొన్నిటికి తీవ్రమైన విషం ఉంటుంది. ఆ రాళ్ళను గట్టిగా గీకడం, వేడినీళ్ళు పోసి కడగడం ప్రమాదం, ఆవిరితో లోపలికి పోతుంది. తొట్టి గాజు మీద తెల్ల మరకలకు యాసిడ్ వాడేవాళ్ళు అదే రోజు బ్లీచింగ్ పౌడరు ముట్టవద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది.

పిల్లలు. మా మనవరాలికి ఆరేళ్ళు. మోకాళ్ళకీ మోచేతులకీ ఎప్పుడూ గీతలే. "తాతయ్యా, నేను మేత వేస్తా" అంటుంది. మేత వెయ్యనిస్తాను, చెయ్యి ముంచనివ్వను. మేత వేశాక కూడా సబ్బుతో కడిగించాకే బిస్కెట్టు. చిన్న తాబేళ్ళు కొనిమ్మని అడిగింది, లేదన్నాను. వాటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉంటుంది. పిల్లలు వాటిని నోటి దగ్గర పెట్టుకుంటారని అమెరికాలో నాలుగంగుళాల కంటె చిన్న తాబేళ్ళ అమ్మకం 1975లోనే నిషేధించారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నెల కిందట మన సభ్యులొకరు ఫోను చేసి, బొటనవేలి మీద పొక్కు ఆరు వారాలుగా తగ్గలేదు అన్నారు. ఇంట్లో చేపలున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నారు. డాక్టరుకు చెప్పారా అంటే, "చేపలకీ దీనికీ ఏమిటండీ సంబంధం?" అన్నారు. మర్నాడు వెళ్ళి చెప్పారు. ముక్క తీసి పరీక్షకు పంపారు, ఫలితం ఇంకా రాలేదు. వారు ఇవాళ ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు.

ఆ భుజం దాకా వచ్చే తొడుగులు రెండు జతలు, డాక్టరమ్మగారు రాసిన కాగితం నకలు బయట టీ బల్ల పక్కన పెట్టాను. నకలు కావలసినవారు తీసుకోవచ్చు, తొడుగులు మాత్రం చూసి అక్కడే పెట్టండి, ఆదివారం నాకు పనుంది.